పన్నెండు చిత్రముల చుట్ట

ఒకప్పుడు బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాలో 120 ఫిల్ము చుట్టపై చతురస్రములైన 12 చిత్రములే వచ్చును గనుక, దిల్‌సుఖ్‌నగర్ పూలబండ్లను, మెట్రో స్తంభముల నీడలను చూచినప్పుడెల్ల మీట నొక్క వీలులేక, ఛాయాగ్రాహకుడు తన చాపల్యమును తానే అణచుకొనవలెను. ఇది లోపమని కొందరందురు. నా దృష్టిలో ఇదియే దాని గుణము.

కాంతి ప్రవేశించు వ్యవధిని మార్చు ఏర్పాటు దీనికి లేనందున, సరూర్‌నగర్ చెరువు గట్టున సైతము ప్రొద్దు బాగుగా ఎక్కువరకు ఆగుట మేలు. ఎల్బీనగర్ దాటిన పిమ్మట, విజయవాడ రహదారి ప్రక్కన 1975లో ఏర్పడిన మహావీర్ హరిణ వనస్థలిలోని కృష్ణజింకలు మాత్రము, దూరమును దగ్గర చేయు కటకము లేకపోవుటచేత, చిత్రమున చుక్కలై మిగులును; అట్లు మిగులుటయే వాటికి క్షేమమేమో!

120 ఫిల్ము నేటికిని తయారగుచున్నది. అటకమీది పాత కెమెరాను ఒకమారు దింపి చూడుడు.