పెట్టెలో వచ్చిన పొగబండి

గత సంవత్సరము తరగతిలో ఆవిరి యంత్రమును గూర్చి చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, ఇంగ్లండు దేశమున కొందఱు చిన్న పొగబండి యింజనును ముక్కలుగా కొని, ఏండ్లకొలది శ్రమపడి కూర్చుకొందురని చదివితిని. తయారైన బొమ్మ అంగడిలో దొరకుచుండగా వారికీ కష్టమెందులకు?" అని యడిగెను. అంతలో గంట మ్రోగెను. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశపు బాలురకు ఇత్తడి యింజనులు ఆటవస్తువులుగా నుండెను. సారాదీపముతో నీరు మరిగి, ఆవిరిచే చక్రములు తిరిగి, పట్టాలు లేకయే అవి నేలపై పరుగెత్తెడివి. పోయినంతమేర నీటిచుక్కలను జార్చుచుండుటచే వానికి "బర్మింగుహాము డ్రిబ్లరు", అనగా చొల్లు కార్చునది, అను పేరు వచ్చెను. అవి చూచుటకు వేడుకయేగాని నిజమైన యింజనుతో వాని పోలిక స్వల్పము.

1898వ సంవత్సరమున పెర్సివల్ మార్షల్ అనునాయన లండనులో "మోడల్ ఇంజనీర్" అను పత్రికను స్థాపించెను. తీరిక వేళలందు ఇంటనే యంత్రములు చేసికొనువారికి అది గురువయ్యెను. ఆ కాలముననే థేమ్సు నదీతీరమందలి షిప్‌లేక్ గ్రామములో, ఒక పెద్ద భవనపు ఆవిరి యంత్రములను కనిపెట్టుకొని యుండిన స్టూవర్ట్ టర్నర్ ఒక చిన్న నిలువు ఇంజనును రూపొందించి, దాని పోతముక్కలను అమ్మసాగెను. నార్తాంప్టనులో బాసెట్-లోక్ చిన్న పొగబండ్లను, వాని భాగములను టపా ద్వారా అమ్ము వర్తకమును నెలకొల్పెను. పిమ్మట ఇట్టి చిన్న పనివారు పలుచోట్ల బయలుదేరిరి. ఒకరిద్దరు మనుష్యులు, ఒక కొలిమి, ఒక లేతు, ఇదియే కొందఱి కార్ఖానా.

వారు పంపిన పెట్టెలో నేముండెడిది? ముందు కొలతలతో గీచిన పటములు. తరువాత చక్రములకు పోతయినుపముక్కలు, సిలిండర్లకు కంచుముక్కలు. పనివాడు మొదట కొయ్యతో నమూనా చేయును. కరిగిన లోహము చల్లారునప్పుడు కొంచెము కుంచించుకొనును గనుక ఆ నమూనాను కొంత పెద్దదిగా చేయవలెను. దానిని తడియిసుకలో నొత్తి, తీసి, ఏర్పడిన గుంటలో లోహమును పోయును. ఇట్లు వచ్చిన ముక్క గరుకుగా, మందముగా నుండును. దానిని ఆకురాయితో రాచి, లేతుపై తిప్పి, బెజ్జములు తొలిచి, అంగుళములో వేయవవంతు తప్పక సరిపెట్టుట కొన్నవాని పని. బాయిలరునకు రాగిరేకును వంచి వెండి టంకముతో అదుకవలెను.

పెద్ద యింజనును అన్ని కొలతలలో తగ్గించినచో చాలదా యందురేమో. చాలదు. మూడున్నర అంగుళముల యెడముగల పట్టాలపై నడచు ఇంజను అసలుదానిలో సుమారు 16వ వంతు. అప్పుడు దాని ఉపరితలము 256వ వంతును, ఘనపరిమాణము 4,096వ వంతును అగును. 64 టన్నుల ఇంజను 16 కిలోలకు దిగును. కాని వేడిని నిలుపుకొనునది ఘనపరిమాణము, పోగొట్టునది ఉపరితలము. గంగాళములోని వేడినీరు చాలసేపు నిలిచి, లోటాలోనిది వెంటనే చల్లారుట మీరెఱుగుదురు. చిన్న బాయిలరుకు వచ్చిన చిక్కు ఇదియే.

ఈ చిక్కుపైననే 1922వ సంవత్సరము మొదలు ఆ పత్రికలో గొప్ప వాదము నడచెను. చిన్న యింజనుకు సారాదీపమే తగునని కొందఱు అనుభవజ్ఞులు పలికిరి. యౌవనమున రైల్వేలో పనిచేసి, ఆ కంపెనీ పొడియక్షరములనే కలంపేరుగా పెట్టుకొనిన "ఎల్.బి.ఎస్.సి." అను రచయిత మాత్రము, అసలు ఇంజనువలెనే పొయ్యిగది, పొగగొట్టములు గల బాయిలరులో బొగ్గు మండించినచో చిన్నదియు మనుష్యుని లాగగలదని వాదించెను. మాటలతో తీరని తగవును పరీక్షయే తీర్చవలెను గదా! 1924లో లండను ప్రదర్శనమందు, రెండున్నర అంగుళముల పట్టాలపై ఆయన యింజను "ఆయేషా" బొగ్గుతో మండి, మనుష్యుల భారమును లాగి చూపెను. అటుపిమ్మట బొగ్గు ఇంజనులే ఆ విద్యకు రాచబాట యయ్యెను. ఆయన 1967లో మరణించువఱకు తన విద్యను దాచుకొనక, ఏ ముక్క నెట్లు చేయవలెనో సామాన్యునికి తెలియునట్లు పలు ఇంజనులను గూర్చి వ్రాసెను. ఆ వ్రాతలను చూచి చిన్న పనివారు తగిన పోతముక్కలను పోసి యిచ్చిరి.

తలిదండ్రులును బాలురును గమనింపవలసిన మాట యొకటి గలదు. చదరపు అంగుళమునకు 80 పౌనుల ఒత్తిడితో నడువవలసిన కొత్త బాయిలరును ముందుగా చన్నీటితో నిండార నింపి, పంపుతో 160 పౌనులవఱకు పరీక్షింతురు. నీరు అణగదు గనుక బాయిలరు చీలినను నీరు చిమ్మి యూరకుండును. ఆవిరియైనచో ప్రేలి ప్రాణము తీయును. కావున డబ్బాకు మూత బిగించి పొయ్యిపై పెట్టు సాహసమును ఎవరును చేయరాదు.

ఇక బాలుని ప్రశ్నకు జవాబు. నేను శిక్షణ కళాశాలలో చదువునప్పుడు ఒక ఇత్తడిముక్కను చదరముగా రాచి తెమ్మనిరి. మూలమట్టము పెట్టిచూడగా వెలుతురు సందులనుండి కనబడెను. మరల రాచితిని, ముక్క తఱిగిపోయెను, చదరము రాలేదు. మూడవ ముక్కకుగాని నా చేయి తిన్నగా నడువలేదు. ఆ పరీక్షలో నేను చెప్పిన సాకులను ఇత్తడి వినలేదు.

తయారైన బొమ్మను కొన్నవాడు బొమ్మను పొందును. ముక్కలను కొన్నవాడు, మొదటిసారి ఆవిరి పట్టి చక్రము తనంతట తాను తిరిగిననాడు, అది యేల తిరుగుచున్నదో ప్రతి భాగమును చూపి చెప్పగలడు. ఆ చిన్న పనివారు పనిని సగములో విడిచి పంపినది సోమరితనముచేత కాదు. మిగిలిన సగము కొన్నవాని చేతులు చేయగలవని నమ్మి పంపిరి. నాయనా, ఆ కష్టమును వారు కోరి కొనుక్కొనిరి.