ఓటు ఊళ్లో.. ఓటరు దోహాలో!

2024 మే 13, సోమవారం. నిజామాబాద్ పార్లమెంటు నియోజకవర్గంలో పొద్దున ఏడింటికి పోలింగు మొదలైంది. అప్పుడు దోహాలో టైము నాలుగున్నర. మేము క్యాంపు గేటు దగ్గర టిఫిన్ డబ్బాలు పట్టుకొని సైటు బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఎండలకు మధ్యాహ్నం పని ఆపే నిబంధన జూన్ 1 నుంచి గాని అమల్లోకి రాదు, కాబట్టి ఆ రోజు ఫుల్ డ్యూటీ. బ్రేకు దొరికితే చాలు, అందరి చెవుల్లో ఫోన్లే. "ఓటేసినవా? లైను మస్తుగున్నదా? ఎవలకేసినవ్?" మొదటి రెండింటికి జవాబులొచ్చాయి. మూడోదానికి మా షట్టరింగ్ కార్పెంటర్‌కు ఆయన భార్య చెప్పింది: "గది నీకెందుకు? నువ్వు పైసలు పంపు."

బస్సులో సాయంత్రం దాకా అదే నవ్వులాట. కానీ ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఓటు ఆమెది. మాకు లేదు.

ఆర్మూర్, బాల్కొండ, కోరుట్ల, జగిత్యాల.. నిజామాబాద్ ఎంపీ సీటు కింద ఉన్న ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఈ నాలుగూ ఉన్నాయి. గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు ఇక్కడ వెతికినా దొరకదు. రోడ్డు, పింఛను అయితే ఎమ్మెల్యేను అడుగుతాం. పాస్‌పోర్టు, ఎమిగ్రేషన్, ఎంబసీ.. ఇవన్నీ కేంద్రం చేతిలోవి. గల్ఫ్‌లో ఎంతమంది చనిపోయారు, ఎందరికి జీతాలు ఆగాయి అని లోక్‌సభలో అడగాల్సింది ఎంపీ. విదేశాంగ శాఖ జవాబిచ్చేదీ ఆయనకే. అంటే మన కష్టానికి అందరికంటే దగ్గరి ప్రతినిధి ఎంపీయే. ఆయన గెలుపోటముల్లో మాత్రం మన చెయ్యి లేదు.

చట్టం ఇచ్చింది.. టికెట్టు ఇయ్యలేదు

హక్కు అసలే లేదని కాదు. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, 2011 నుంచి ప్రవాసులకు ఓటు ఇచ్చారు. అంతకుముందు ఏడాదుల తరబడి ఇంటి దగ్గర లేకపోతే 'ఇక్కడ నివాసం లేడు' అని జాబితాలో పేరు కొట్టేసేవాళ్లు. ఇప్పుడు 6ఏ ఫారం నింపి, పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు పెట్టి దరఖాస్తు చేసుకుంటే, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ప్రకారం ఆ ఊరి జాబితాలో పేరెక్కుతుంది. అయితే ఓటు వేసేది మాత్రం ఆ బూతుకు స్వయంగా వెళ్లి, అసలు పాస్‌పోర్టు చూపించే.

చిక్కంతా ఇక్కడే. ఖతార్ చట్టం ప్రకారం ఐదేళ్లలోపు సర్వీసుకు ఏడాదికి మూడు వారాల సెలవు, ఐదేళ్లు దాటితే నాలుగు. మాలో చాలామంది రెండేళ్లకోసారి పోయేవాళ్లే. దాచుకున్న ఆ సెలవు చెల్లె పెళ్లికి వాడాలా, ఇల్లు స్లాబుకు వాడాలా, బటన్ నొక్కడానికి వాడాలా?

లెక్కలు చూస్తే విషయం తేటతెల్లం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కలిపి దాదాపు లక్ష మంది ప్రవాసులు పేర్లు నమోదు చేసుకుంటే, ఓటేసింది 25,606 మంది. వారిలో 25,534 మంది కేరళవాళ్లే! 2024లో నమోదైనవారు 1,19,374. వచ్చి ఓటేసినవారు 2,958. అందులోనూ 2,670 మంది కేరళ వాళ్లే. మలయాళీ సంఘాలు విమానాలు మాట్లాడి మరీ ఓటర్లను పంపుతాయి. వాటికి 'ఓటు విమానాలు' అని పేరు. మన సంఘాలు బతుకమ్మకు హాలు బుక్ చేసినంత హుషారుగా 6ఏ ఫారాలు నింపించిన సందర్భం మేమైతే చూడలేదు. కోపం తెచ్చుకోకండి, మేమూ ఆ సంఘాల్లో ఉన్నవాళ్లమే.

మన తరఫున ఇంకొకరు ఓటేసే ప్రాక్సీ పద్ధతి కోసం 2018 ఆగస్టులో లోక్‌సభ బిల్లు పాస్ చేసింది. రాజ్యసభ దాటలేదు. 2019లో సభ రద్దవడంతో బిల్లూ పోయింది. పోస్టల్ బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపుతామని ఎన్నికల సంఘం 2020లో కేంద్రానికి రాసింది. 2024 ఎన్నికల్లోనూ అది మా దాకా రాలేదు.

పసుపు రైతు చేసి చూపించిండు

అదే నిజామాబాద్‌లో 2019లో ఏం జరిగిందో గుర్తుంది కదా. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం 178 మంది రైతులు నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 185 మంది. ఒక్కో బూతులో 12 ఓటింగు యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన అర్వింద్ దాదాపు 70 వేల మెజారిటీతో గెలిచారు. బోర్డు ఐదు రోజుల్లో రాలేదు, ఐదేళ్లు దాటింది. 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే ప్రారంభమైంది. ఆలస్యమైనా వచ్చింది. ఎందుకంటే రైతు ఊళ్లో ఉంటాడు, మళ్లీ ఓటేస్తాడు.

మా పరిస్థితి చూడండి. మా దగ్గర పనిచేసిన ఒక మేస్త్రీ నిద్రలోనే పోయాడు. శవం తొందరగా పంపించాలని ఉత్తరం కోసం వాళ్ల తండ్రి ఒక నాయకుడి ఇంటికి వెళ్లాడు. అక్కడున్నవాళ్లు అడిగిన మొదటి మాట: "ఇంట్ల ఎన్ని ఓట్లున్నయ్?" పెద్దాయన మూడన్నాడు. చనిపోయిన కొడుకును లెక్కలో కలపలేదు. పన్నెండేళ్లుగా కలపలేదు, అలవాటు.

ఇక మేమున్న దేశం సంగతి. ఖతార్‌లో 2021 అక్టోబర్ 2న షూరా కౌన్సిల్‌కు మొదటిసారి ఎన్నికలు జరిగాయి. 45 సీట్లలో 30కి ఓటింగు, 15 అమీర్ నియామకం. పోలింగు 63.5 శాతం. మహిళలు పోటీ చేశారు గాని ఒక్కరూ గెలవలేదు. కుటుంబానికి, తెగకు మూలస్థానమైన నియోజకవర్గంలోనే ఓటు. తాత ఊరితో ముడిపడ్డ ఓటన్నమాట. మా 6ఏ ఫారం గుర్తొచ్చింది. తర్వాత 2024 నవంబర్ 5న రెఫరెండం పెట్టి, 90 శాతానికి పైగా ఆమోదంతో ఆ ఎన్నికలనే తీసేసి, పాత నియామక పద్ధతికి మళ్లారు. అది వాళ్ల ఇంటి విషయం, మేము తీర్పు చెప్పేది కాదు. దేశంలో ఉన్న పదిమందిలో పౌరులు సుమారు ఒక్కరే. మిగతా వాళ్లం అప్పుడూ ఇప్పుడూ చూసేవాళ్లమే.

పోయిన శుక్రవారం మా రూములో నలుగురం కూర్చొని 6ఏ ఫారాలు నింపాం. పాస్‌పోర్టులో చిరునామా ఒకటి, ఇప్పుడు ఇల్లున్నది మరో మండలంలో.. ఒకాయన ఫారం అక్కడ ఆగింది. షట్టరింగ్ కార్పెంటర్‌ది పూర్తయింది. నింపగానే ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. "2029ల ఎలక్షన్లకు వస్త" అన్నాడు. అవతలి నుంచి ఆమె: "దసరాకు రా ముందుగాల."