మెలకువలో మెదడు ఆపరేషన్.. పేషెంట్ ఉర్దూలో మాట్లాడాలా, తెలుగులోనా?

సికింద్రాబాద్: పేషెంట్ సినిమా చూస్తుండగా డాక్టర్లు ఆమె మెదడులోని గడ్డ తీసేశారు. 2022 ఆగస్టులో సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో జరిగిన సంగతి ఇది. ఆమెకు 60 ఏళ్లు. చిరంజీవి అంటే ఇష్టమని చెప్పడంతో 'అడవి దొంగ' సినిమా పెట్టారు. సినిమా ముచ్చట అందరికీ తెలిసిపోయింది గానీ, అసలు ఆమెను ఎందుకు మేలుకునే ఉంచారన్నది చాలామందికి అర్థం కాలేదు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే కుటుంబాలైతే ఇది తప్పకుండా తెలుసుకోవాలి.

ఈ పద్ధతిని అవేక్ క్రేనియోటమీ అంటారు. మెదడులో గడ్డ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇలా చేయరు. మాటను గానీ, కాళ్లు చేతుల కదలికను గానీ నడిపించే భాగానికి గడ్డ ఆనుకుని ఉన్నప్పుడే దీని అవసరం వస్తుంది. గడ్డ ఎక్కడుందో ఎంఆర్ఐ చూపిస్తుంది. కానీ ఆ పేషెంట్‌కు మాట కచ్చితంగా ఏ చోటు నుంచి వస్తోందో స్కాన్ ఒక్కటే తేల్చలేదు. అది మనిషి మనిషికీ కొంచెం మారుతుంది. అందుకే మాట్లాడిస్తూ వెతుకుతారు.

నొప్పి పుట్టదా అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు. నొప్పంతా తల చర్మానికి, మెదడు మీది పొరకే. తల చర్మంలోని నరాలకు ఇంజెక్షన్లు ఇచ్చి తిమ్మిరి ఎక్కిస్తారు. చాలాచోట్ల ఎముక తెరిచేదాకా పేషెంట్‌ను నిద్రలోనే ఉంచి, ఆ తర్వాత లేపుతారు. డాక్టర్ చిన్న కడ్డీతో మెదడు మీద అతి తక్కువ కరెంటు తాకిస్తాడు. అదే సమయంలో పేషెంట్‌కు బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటారు. ఒకచోట కరెంటు తగలగానే మాట ఆగిపోయిందంటే ఆ చోటును ముట్టుకోకూడదన్నమాట. కరెంటు తీసేస్తే మాట తిరిగి వస్తుంది. ఎప్పుడైనా ఫిట్స్ మొదలైతే మెదడు మీద చల్లటి సెలైన్ పోసి ఆపుతారు. వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే డాక్టర్ కెనడాలోని మాంట్రియల్‌లో దాదాపు తొంభై ఏళ్ల కిందటే ఫిట్స్ పేషెంట్లకు ఇలా చేశాడు. సినిమా పెట్టేది భయం తగ్గడానికి. అసలు పరీక్ష మాత్రం మాటే.

మన ఇళ్లకు సంబంధించిన విషయం ఇక్కడే ఉంది. 1978లో అమెరికాలో ఓజెమాన్, విటేకర్ అనే ఇద్దరు రెండు భాషలు వచ్చిన పేషెంట్లను ఇలాగే పరీక్షించారు. కొన్ని చోట్ల కరెంటు తాకిస్తే రెండు భాషలూ ఆగాయి. మరికొన్ని చోట్ల ఒక భాషే తడబడింది, రెండోది బాగానే నడిచింది. అంటే తెలుగులో మాత్రమే పరీక్ష చేస్తే, ఉర్దూకు పనికొచ్చే చోటు కత్తికి దొరికే ప్రమాదం ఉంది. చిన్నప్పటి నుంచి అమ్మీతో మాట్లాడిన భాష అది!

ఇంకో చిక్కూ ఉంది. గొడుగు బొమ్మ చూపిస్తే దక్కనీ మాట్లాడే ఖాలాకు ముందు 'ఛత్రీ' అనే వస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్లకు ఆ మాట తెలియకపోతే తప్పు చెప్పిందనుకుంటారు. కాబట్టి ఇంట్లో ఏం మాట్లాడతారు, దుకాణంలో ఏం మాట్లాడతారు, ఏ లిపి చదవగలరు అన్నది ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌కు చెప్పాలి. ఉర్దూ తెలిసిన స్టాఫ్ ఎవరైనా లోపల ఉంటారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. జుట్టు ఎంత మేర తీస్తారన్నది కూడా ఆడవాళ్లు ముందే అడగొచ్చు. చాలాసార్లు కోత పెట్టే చోటు మేరకే తీస్తారు.

కుటుంబాలు పొరబడే చోటు ఇంకొకటి. మాట తడబడుతున్న మనిషి సూరే ఫాతిహా గడగడా చదివేస్తాడు, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టేస్తాడు. దాంతో ఇంట్లోవాళ్లు 'మాట బాగానే ఉంది కదా' అనుకుంటారు. కంఠస్థం వచ్చినది పలకడం వేరు, చూసిన వస్తువు పేరు వెతుక్కుని చెప్పడం వేరు. మొదటిది నిలిచి, రెండోది పోవచ్చు. తాళంచెవి చేతిలో పెట్టి ఇదేంటి అని అడిగితేనే తేడా బయటపడుతుంది.

పెద్ద వయసులో మొదటిసారి ఫిట్స్ వచ్చినా, పొద్దున్నే తలనొప్పితో వాంతులవుతున్నా, ఒక పక్క చేయి బలహీనపడుతున్నా స్కాన్ వాయిదా వేయొద్దు. 'అసర్' అయిందంటూ తిప్పే నెలల్లో గడ్డ పెరిగిపోతుంది. దువా చేయించుకోండి, దాంతోపాటే న్యూరో డాక్టర్‌కూ చూపించండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలు. ఏ ఆపరేషన్ దాని కిందికి వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు.

చిన్నపిల్లలకు, కదలకుండా పడుకోలేని వాళ్లకు, అప్పటికే మాట చాలావరకు పోయినవాళ్లకు ఈ పద్ధతి సరిపోదు. ఆపరేషన్ తర్వాత వాపు వల్ల కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు మాట తడబడొచ్చు. చాలామందిలో మెల్లగా సర్దుకుంటుంది. అప్పుడు స్పీచ్ థెరపీకి తీసుకెళ్తే అక్కడా రెండు భాషల సంగతి చెప్పాలి.