వైద్య బీమా - ఒప్పందంలోని అనిశ్చితి

ముదిగొండ మండలంలోని చిన్న రైతు కుటుంబంలో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే, ఖమ్మం ఆస్పత్రి ఖర్చుకు అప్పే దిక్కవుతుంది. ఈ భయమే వైద్య బీమాకు మూలం.

అనేకులు ఏటా ప్రీమియం చెల్లిస్తారు. వారిలో జబ్బుపడిన కొందరి ఖర్చు ఆ సొమ్ముతోనే తీరుతుంది. నిర్వహణ ఖర్చులు పోగా మిగిలినది కంపెనీ లాభం. మన దేశంలో ప్రభుత్వ బీమా సంస్థలు 1986లో మెడిక్లెయిమ్‌ను ప్రవేశపెట్టాయి. 1999 నాటి చట్టం ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచింది.

చెల్లించేది ఎంతో ముందే తెలుసు. లభించేది ఎంతో తెలియదు. ఈ అనిశ్చితినే ధర్మశాస్త్రం 'గరర్' అంటుంది. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఈ కారణంగానే వాణిజ్య బీమా నిషిద్ధమనీ, విరాళం, పరస్పర సహకారం పునాదిగా గల బీమా సమ్మతమనీ తీర్మానించింది.

ఈ చర్చ పండితులకే పరిమితమైనది కాదు. ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు పరిహారం అందకపోవచ్చు. గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీలో ఖరీదైన గది తీసుకుంటే ఇతర ఖర్చుల్లోనూ కోత పడవచ్చు. మధుమేహాన్ని దాచి సంతకం చేస్తే క్లెయిము పోవచ్చు; పైగా అది అసత్యం కూడాను.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీలో రోగి ప్రీమియం చెల్లించడు. కనుక అతని వైపు నుండి క్రయవిక్రయ ప్రసక్తి లేదు. తెలంగాణలో 2023 డిసెంబరులో దీని పరిమితిని కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలకు పెంచారు. అర్హులు ముందుగా దీనిని విచారించుకోవడం వివేకం.