గూడబాతుకి తొందర లేదు

భోగినాడు పొద్దున్నే మనవరాలిని టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్ళాను. చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఊరివాళ్ళు. సైబీరియా నుంచి వస్తాయన్న మాట మాత్రం వట్టిది. ఈ రెండూ మన దేశంలో పుట్టి పెరిగేవే.

"ఎండెక్కుతోంది, ఇంకా చెట్టు దిగవేటి తాతా? బద్దకమా?"

బద్దకం కాదే, లెక్క. గూడబాతు నాలుగైదు కిలోలుంటుంది, రెక్కలు చాపితే ఎనిమిదడుగులు. అంత బరువుని రెక్కలాడించుకుంటూ మోయాలంటే తిన్న చేపలన్నీ దారి ఖర్చుకే చాలవు. పొద్దున భోగిమంట మీద నుసి ఎలా లేచింది? వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికై పైకి పోతుంటే, దాంతోపాటే పోయింది. నేలమీదా అంతే. చెరువు నీళ్ళు తొందరగా వేడెక్కవు. కోతలైపోయిన పొడి మడి, తారురోడ్డు ముందే కాగుతాయి. వాటి మీద గాలి స్తంభంలా లేస్తుంది. కంటికి కనపడదు. వేసవిలో ఎండుటాకుల్ని తిప్పుకుంటూ లేచే సుడిగాలి చూశావే, అది దాని చుట్టమే.

గూడబాతు కాచుకుని కూర్చునేది ఆ స్తంభం కోసమే. అది సన్నంగా ఉంటుంది కాబట్టి పక్షి తిన్నగా పోతే బయటపడిపోతుంది. అందుకే గుండ్రంగా తిరుగుతుంది. తమాషా ఏమిటంటే, రెక్కలు చాపి తేలుతున్న పక్షి ఆ గాలిలో నిజానికి కిందికే జారుతుంటుంది. విశాఖలో ఎస్కలేటర్ మీద పైకెళ్ళే మెట్లని నువ్వు ఎదురు దిగబోయావు గుర్తుందా? నువ్వు దిగేదానికంటే మెట్లు ఎక్కేది ఎక్కువ, పైకే చేరావు. ఇదీ అలాగే. తగినంత ఎత్తుకెళ్ళాక, కావలసిన వైపు జారుకుంటూ పోయి ఇంకో స్తంభం పట్టుకుంటుంది.

ఇలా ఎంత దూరం పోవచ్చో విను. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల రాబందులకి యంత్రం కట్టి చూశారు. 2020లో లెక్క బయటపెట్టారు: ఒక పక్షి అయిదు గంటలపైన, 172 కిలోమీటర్లు, ఒక్కసారైనా రెక్క కొట్టలేదు. ఎగిరే కాలం మొత్తంలో అవి రెక్కలాడించేది నూటికి ఒక వంతేనట. మన బస్సులు ఇలా నడిస్తే టికెట్టే ఉండేది కాదు.

ఇంతలో ఒక గూడబాతు లేచింది. ముందు బరువుగా టపటపా కొట్టుకుంటూ వెళ్ళి, కోసిన పొలం మీదికి రాగానే రెక్కలాపేసింది. మనవరాలు వేళ్ళు మడిచి చుట్లు లెక్కపెట్టింది. ఎనిమిదో చుట్టుకి అది గింజంతయింది.