పువ్వు బరువు 2,500 కిలోలు! మీకు తెలుసా?

మీకు తెలుసా? ఇటలీలో నేపుల్స్ దగ్గర నోలా అనే ఊళ్లో లిల్లీపువ్వు ఎత్తు 25 మీటర్లు. బరువు 2,500 కిలోల పైమాటే. జడలో తురుముకోవడం కుదరదు కాబట్టి, వందమందికి పైగా మగవాళ్లు భుజాలకెత్తుకుని వీధుల్లో ఆడిస్తారు!

కంగారు పడకండి, అది కొమ్మకు పూసింది కాదు. కర్రలతో కట్టిన గోపురం. దాని చుట్టూ కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మలు, తోరణాలు, నగిషీలు. ఎనిమిదంతస్తుల ఎత్తున్న ఈ గోపురాన్ని ఊరివాళ్లు ‘జీల్యో’ అంటారు, అంటే లిల్లీ. పేరు పెట్టినాయన ఎప్పుడూ పువ్వు చూసినట్టు లేదు!

ఒక్కటే అనుకున్నారా? ఎనిమిది! వాటితో పాటు ఒక పడవ కూడా ఉంటుంది. ఊరేగే దారిలో గుక్కెడు నీళ్లు లేవు, పడవ మాత్రం ఉంది.

ఆ పడవ ఎందుకో మీకు తెలుసా? ఊరిని కాచే పునీతుడు పావొలీనో 5వ శతాబ్దంలో ఇక్కడి బిషప్. వాండల్ అనే తెగ దండు వచ్చి జనాన్ని బానిసలుగా పట్టుకుపోయిందట. ఒక వితంతువు కొడుకును విడిపించడానికి ఆయన తానే బానిసగా వెళ్లి, సముద్రం అవతల తోటమాలి పని చేశాడట. చివరికి ఊరివాళ్లందరినీ విడిపించుకుని ఓడలో తిరిగొస్తే, జనం లిల్లీలు పట్టుకుని ఎదురెళ్లారని కథ. తోటమాలికి పూలతో స్వాగతం!

ఆ పడవ మీద పావొలీనో విగ్రహంతో పాటు ఇంకో ఆసామీ కనిపిస్తాడు. వంపుకత్తి పట్టిన తురుష్కుడు! అసలు 5వ శతాబ్దంలో ఆ తీరంలో తురుష్కులెక్కడ? వందల ఏళ్ల తర్వాత రావలసినవాడు ముందే వచ్చి పడవెక్కేశాడు. చరిత్ర మాస్టారు మార్కులు కోసుకుంటే కోసుకోనివ్వండి, వేషం మాత్రం అదిరింది.

ఇంకో విచిత్రం. నోలా ప్రాణం పెట్టే పావొలీనో నోలావాడే కాదు! పుట్టింది ఇప్పటి ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో. సెనేటర్ల వంశం, లెక్కలేనంత ఆస్తి. నోలా ఉన్న కంపానియా ప్రాంతానికి గవర్నరుగా చేశాడు. ఆ తర్వాత ఆస్తంతా పంచిపెట్టేశాడు. గవర్నరు పదవి చేశాక ఆస్తి తగ్గిపోయిన మనిషి! పునీతుణ్ని చేయడానికి ఇంతకన్నా పెద్ద అద్భుతం ఏం కావాలండీ?

చర్చిలో గంట మోగించడం మొదలుపెట్టింది పావొలీనోయేనని జనం గట్టిగా నమ్ముతారు. ఆయనేమో తను కట్టించిన చర్చి గురించి ఉత్తరాల్లో వివరంగా రాసుకున్నాడు. అందులో గంట ఊసే లేదు! మోగించే హడావుడిలో రాయడం మరిచిపోయాడేమో.

ఈ పండగ నాయకుడే కొన్ని శతాబ్దాల పాటు ఊళ్లో లేడని మీకు తెలుసా? ఆయన అస్థికలు రోము నగరంలో నది మధ్య లంకలో ఉన్న చర్చిలో ఉండేవి. నోలాకు తిరిగొచ్చింది 1909లో. రాజుల కాలంలో వెళ్లినాయన కార్ల కాలంలో ఇల్లు చేరాడు!

మొదట్లో ఇంత హంగామా లేదు. నోలా వైద్యుడు అంబ్రోజో లియోనే రాసిన పుస్తకం 1514లో వెనిస్‌లో అచ్చయింది. అందులో కనిపించేది గోధుమ కంకులు చుట్టి, భుజాల మీద మోసుకెళ్లే పెద్ద కొవ్వొత్తులు. ఒక పేట కొవ్వొత్తి కన్నా పక్క పేట కొవ్వొత్తి జానెడు పొడుగుండాలి కదా? అలా అలా 25 మీటర్లు!

ఎనిమిది గోపురాలూ ఎవరెవరివో మీకు తెలుసా? కూరగాయలవాళ్లు, పచారీవాళ్లు, సారాకొట్టువాళ్లు, రొట్టెలవాళ్లు, కసాయివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, కమ్మరులు, దర్జీలు. ఒక్కో వృత్తి సంఘం పేరు మీద ఒక్కోటి. సారాకొట్టువాళ్ల గోపురం కాస్త ఎక్కువ ఊగుతుందా అని అడక్కండి, అన్నీ ఊగుతాయి.

ఊగడమే అసలు తమాషా. జూన్ 22 పావొలీనో పండగ. దాన్ని పట్టుకుని వచ్చే ఆదివారం గోపురాలు లేస్తాయి. నడవడం కాదు, నాట్యం! ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, ఇరుకు సందుల్లో బాల్కనీలను రాసుకుంటూ దూరతాయి, కూడలిలో చిందేస్తాయి. సోమవారం తెల్లారినా ఆట కట్టదు. మేడలు ఆడుతుంటే మనుషులు మేడల్లోంచి చూస్తారు!

ఇప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకోండి. బ్యాండు మేళం ఎక్కడుంటుందో మీకు తెలుసా? గోపురం ముందు కాదు, వెనక కాదు, గోపురం మీదే! బాకాలు, డ్రమ్ములు, మైకు పట్టిన పాటగాడు అందరూ దాని పీఠం మీద ఎక్కి కూర్చుంటారు. కింద మోసేవాళ్లు చెమటలు కక్కుతుంటే పైన పాటగాడు తాపీగా రాగం తీస్తాడు. ఆ రాగం బరువు కూడా వాళ్ల భుజాల మీదే!

మరి దింపేయొచ్చుగా? వీల్లేదు. కిందివాళ్లకు ముందు దారి కనిపించదు, చెవే దిక్కు. పాట వేగం పెరిగితే అడుగు వేగం పెరుగుతుంది, తాళం మారితే అడుగు మారుతుంది. గోపురానికి ఎదురుగా నిలబడి నాయకుడు కేక వేస్తాడు, ఆ కేకకూ పాటకూ లంకె. అందుకే ఏటా ఒక్కో గోపురానికీ కొత్త పాటలు కట్టించుకుంటారు. తాళం తప్పితే మన దగ్గర కచేరీ చెడుతుంది, అక్కడ బాల్కనీ ఊడుతుంది!

ఏళ్ల తరబడి మోసీ మోసీ భుజం వెనక కంతిలా ఒక కాయ లేస్తుంది. బాధపడతారా? చొక్కా విప్పి మరీ చూపిస్తారు. ఆ ఊళ్లో అదే పతకం!

చిన్న ఊరే కానీ నోలా ఖాతాలో పెద్ద పేర్లున్నాయి. రోమన్ చక్రవర్తి అగస్టస్ క్రీ.శ. 14లో కన్నుమూసింది ఇక్కడే. 1600లో రోములో సజీవంగా కాల్చేసిన తత్వవేత్త జోర్డానో బ్రూనో 1548లో పుట్టిందీ ఇక్కడే. ఊరు ఒకటే! చర్చి పావొలీనోను పీఠమెక్కించింది, బ్రూనోను చితికెక్కించింది.

ఈ లిల్లీ అట్లాంటిక్ దాటిందని మీకు తెలుసా? నోలా నుంచి వలసపోయినవాళ్లు న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1903 నుంచి దీన్ని ఎత్తుతున్నారు. అక్కడి గోపురం బరువు దాదాపు 4 టన్నులు. పైన బ్యాండుంది, పక్కన పడవుంది, పడవలో తురుష్కుడూ ఉన్నాడు. ఆయనకు వీసా ఎవరిచ్చారో మరి!

2013లో యునెస్కో నోలాతో పాటు మరో మూడు ఊళ్ల పండగలను కలిపి ఒకేసారి వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. విటెర్బో, పాల్మి, సాస్సరి. నాలుగింటికీ అర్హత ఒక్కటే, భుజాలు!

విటెర్బో సంగతి వింటే కళ్లు తిరుగుతాయి. సెప్టెంబరు 3 రాత్రి, పునీత రోజా పేరు మీద, దాదాపు 30 మీటర్ల ఎత్తూ 5 టన్నుల బరువూ ఉన్న దీపాల గోపురం బయల్దేరుతుంది. మోసేవాళ్లు వందమందికి కాస్త పైన. లెక్క వేశారా? తలకు సుమారు రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు. అవి కూడా కదలకుండా కూర్చునే బస్తాలు కావు, ఊగే బస్తాలు!

ఆ రాత్రి ఊళ్లో వీధిదీపాలు ఆర్పేస్తారు. చీకట్లో ఇళ్ల కప్పుల పైన గోపురం ఒక్కటే వెలుగుతూ కదులుతుంది. మోసేవాళ్లకు తెల్లబట్టలు, నడుముకు ఎర్రగుడ్డ. కిలోమీటరు పైచిలుకు దారి. చివర్లో ఏముంటుందో తెలుసా? ఎత్తు. ఆ ఎత్తుమీదికి నడవరు, పరిగెత్తుతారు!

ఈ ఉద్యోగానికి పరీక్ష కూడా ఉంది. 150 కిలోల పెట్టె భుజాల మీద పెట్టుకుని 90 మీటర్లు ఆగకుండా నడవాలి. జీతం? ఇంటికెళ్లాక నడుముకు కాపడం!

ఎత్తేముందు వీళ్లకు ఇచ్చే ఆశీర్వాదం ఏదో మీకు తెలుసా? మరణ ఘడియల్లో ఉన్నవాళ్లకు ఇచ్చేది! ముందుజాగ్రత్త అంటే అలా ఉండాలి. 1801లో ఊరేగింపులో తొక్కిసలాట జరిగి చాలామంది చనిపోయిన ఊరు మరి, ఆ ఆశీర్వాదం ఊరికే రాలేదు. 1967లోనైతే గోపురాన్ని మోయలేక సగం దారిలో దింపేశారు.

ఇంతకీ ఆ రోజా ఎవరు? పద్దెనిమిదేళ్లు నిండీ నిండకుండానే 1251లో పోయిన పేదింటి పిల్ల. బతికుండగా మఠంలో చేరతానంటే కట్నం తేలేదని వద్దన్నారట. (అవును, కట్నం. మఠానికి కూడా!) 1258లో సాక్షాత్తూ పోప్ ఆజ్ఞతో ఆమె దేహాన్ని అదే మఠానికి ఘనంగా మోసుకెళ్లారు. ఆ మోతే ఈ పండగ. పైసా కట్నం లేకుండా, జనమంతా వెంట రాగా!

రోజా పాడైపోని దేహాన్ని పరీక్షించిన వైద్యులకు గుండె జారినంత పనైంది. ఆమెకు రొమ్ము ఎముక పుట్టుకతోనే లేదు! క్షయతో పోయిందని అంతకుముందు అనుకునేవారు, కాదు గుండె జబ్బేనని తేల్చి 2010లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పోయిన 759 ఏళ్లకు వచ్చిన మెడికల్ రిపోర్టు! మన ల్యాబులే నయం, సాయంత్రానికి ఇస్తాయి.

విటెర్బో గోపురాన్ని కొన్నేళ్లకొకసారి మార్చేస్తారు. కొత్త నమూనా కోసం పోటీ పెడతారు. దొరికినవాటిలో అన్నిటికన్నా పాత నమూనా చిత్రం 1690 నాటిది. పిల్లలకు పిల్ల గోపురాలు కూడా ఉన్నాయి. మోత అక్కడ ఉగ్గుపాలతోనే మొదలు!

పాల్మికి వెళ్దాం, త్వరగా వచ్చేద్దాం, ఎందుకంటే గుండె ఆగుతుంది. అక్కడ 16 మీటర్ల ఎత్తున బొమ్మను కాదు, బతికున్న చిన్నపాపను కూర్చోబెడతారు! మరియమాత రూపంలో ఆ పాప పైనుంచి జనానికి ముద్దులు విసురుతుంది. కింద రెండు వందల మంది మోస్తుంటారు. పాప నవ్వుతూనే ఉంటుంది, వాళ్లమ్మ సంగతి ఎవరూ రాయలేదు.

పాల్మి దగ్గరి జలసంధికి అవతల మెస్సీనాలో ఆగస్టు 15న ఇలాంటిదే ఇంకోటి. దానికి చక్రాల్లేవు! దారంతా నీళ్లు కొట్టి తడిపి, ఇనుప పట్టీల మీద జారేలా తాళ్లతో లాగుతారు. చక్రం కనిపెట్టి వేల ఏళ్లయిందని వాళ్లకు తెలుసు, అక్కర్లేదంతే.

ఇక పరుగు పందెం. ఇటలీలోనే గుబ్బియో అనే ఊళ్లో మే 15న ముగ్గురు పునీతుల విగ్రహాలు కూర్చున్న మూడు చెక్క స్తంభాలు, ఒక్కోటి మూడు వందల కిలోల దరిదాపుల్లో. వాటిని భుజాన వేసుకుని వీధుల్లో పరిగెత్తి, ఇంజీనో కొండెక్కి, పైనున్న చర్చి చేరాలి. విజేత ఎవరో చెప్పుకోండి చూద్దాం? ఉబాల్డో! నిరుడు? ఉబాల్డో! అంతకుముందు? ఉబాల్డో! ఎప్పుడూ ఉబాల్డో, తర్వాత జార్జి, తర్వాత ఆంటోనీ. దారిలో ఒకరినొకరు దాటకూడదు. బెట్టింగు రాయుళ్లు ఆకలితో చచ్చే ఏకైక పందెం!

మరి పరుగెందుకంటారా? పోటీ అంతా పడిపోకుండా, ఒరిగిపోకుండా వెళ్లడంలో ఉంది. చివర్లో ఒక చిలిపి మలుపు కూడా ఉంది. ముందు చేరిన ఉబాల్డో జట్టు, జార్జి జట్టు వచ్చేలోగా చర్చి తలుపు మూసేయాలని చూస్తుంది. పునీతుల మధ్య కూడా తలుపు మొహాన వేసుకోవడాలున్నాయి!

ఎత్తేముందు నీళ్లకూజాను జనంలోకి విసిరి బద్దలు కొడతారు. పెంకు ముక్క దొరికితే అదృష్టం. నెత్తికి తగిలితే? అప్పుడూ అదృష్టమే, ముక్క దగ్గర్లోనే పడింది కదా.

ఆ మూడు స్తంభాలూ ఇప్పుడు ఉంబ్రియా రాష్ట్రం జెండా మీదికెక్కి కూర్చున్నాయి. అదే ఇంజీనో కొండ మీద దీపాలతో పరిచే క్రిస్మస్ చెట్టు పొడవు 650 మీటర్లు దాటుతుంది, 1991లో గిన్నిస్‌కెక్కింది. ఈ ఊరికి చిన్నవస్తువులు చేయడం రాదు!

అమెరికాలోని పెన్సిల్వేనియాలో జెస్సప్ అనే ఊరుంది. గుబ్బియో నుంచి వెళ్లినవాళ్లు అక్కడా ఈ పందెం పెట్టుకున్నారు. అక్కడ గెలిచేది ఎవరో నన్నడక్కండి, మీకే తెలుసు.

చివరి ప్రశ్న. సాస్సరి మేయరుకు ఏటా ఆగస్టు 14న ఎందుకు చెమటలు పడతాయో మీకు తెలుసా? సార్దీనియా దీవిలోని ఆ ఊళ్లో వృత్తి సంఘాలు భారీ చెక్క కొవ్వొత్తులను భుజాన వేసుకుని, డప్పూ పిల్లనగ్రోవీ వాయిస్తుంటే ఆడిస్తాయి. 1652 ప్లేగు నాటి మొక్కుతో ముడిపడిన పండగ అది. ఆ ఊరేగింపులో మేయరు కూడా జనం మధ్య నడవాలి. పని నచ్చితే చప్పట్లు, నచ్చకపోతే ముఖం మీదే ఈలలు, అరుపులు! ఇదే పండగలో ఆయన వైను గ్లాసు పైకెత్తి ‘నూరేళ్లు!’ అని అందరికీ ఆయుష్షు కోరాలి. ఈలలు వేసినవాళ్లకు కూడా!