పత్రికను పోషించిన తలనొప్పి మందు

మూత తీస్తే చాలు, గదంతా ఘాటు. నుదుటికి రాసుకుంటే మొదట చుర్రుమంటుంది, కాసేపటికి చల్లబడుతుంది. దేవుడి అలమరలోనో, అమ్మమ్మ తలగడ పక్కనో కనిపించే ఆ చిన్న సీసా పేరు వేరే చెప్పాలా? అమృతాంజనం! అది తలనొప్పి తగ్గిస్తుందని ఎవర్నడిగినా చెబుతారు. ఓ తెలుగు పత్రికకు పాలుపట్టి పెంచిందని మాత్రం ఈ తరంలో చాలామందికి తెలీదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది కృష్ణా జిల్లా. 1867లో పుట్టారు. మద్రాసులో చదువుకుని, బతుకుతెరువు కోసం బొంబాయి చేరారు. అక్కడ మందుల వ్యాపారంలో మెలకువలు నేర్చుకుని 1893లో సొంతంగా అమృతాంజనం మొదలుపెట్టారు. కర్పూరం, పుదీనా పువ్వు, వింటర్‌గ్రీన్ నూనెలాంటివే అందులో ముఖ్యమైన సరుకులు. పుదీనా పువ్వంటే మెంథాల్. అది చర్మంలో చలిని కనిపెట్టే నరాలను తట్టిలేపుతుంది. నిజానికి అక్కడ చల్లబడేదేం ఉండదు, మెదడు అలా అనుకుంటుందంతే. వింటర్‌గ్రీన్ నూనెలో ఉండేది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. సంగీత సభల్లో జనానికి ఈ మందు ఊరికే పంచిపెట్టేవారట పంతులుగారు. తెల్లవార్లూ కచేరీ వినేవాళ్లకు తలనొప్పి రాకుండా ఉంటుందా! ఉచిత శాంపిల్ మహిమ ఆయనకు అప్పుడే తెలుసన్నమాట.

డబ్బొచ్చింది. ఇంకొకరైతే బొంబాయిలో మేడలు కట్టేవారేమో. పంతులుగారు 1907లో సూరత్ కాంగ్రెస్‌కు వెళ్లొచ్చాక, తెలుగువాళ్లకో మంచి పత్రిక ఉండాలనుకున్నారు. మరుసటి ఏడాదే 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా వచ్చింది... అదీ బొంబాయి నుంచి! 1914లో మద్రాసుకు మారి దినపత్రికైంది. మందు వ్యాపారమూ వెంటే వచ్చింది. 1924లో 'భారతి' సాహిత్య మాసపత్రిక, తర్వాత పుస్తకాల కోసం ఆంధ్ర గ్రంథమాల. వీటిలో ఏదీ లాభం కోసం పెట్టింది కాదు. పత్రికకు వచ్చే లోటు పూడ్చేది అమృతాంజనమే. సీసా అమ్మితే వచ్చిన సొమ్ము ఆంధ్రోద్యమానికీ, గ్రంథాలయాలకూ, అడిగినవాళ్లకూ వెళ్లిపోయేది. జనం ఆయన్ని 'దేశోద్ధారక', 'విశ్వదాత' అని ఊరికే పిలవలేదు.

మద్రాసులో ఆయన ఇల్లు 'శ్రీబాగ్'. కోస్తా, రాయలసీమ నేతలు 1937 నవంబరు 16న ఒప్పందం కుదుర్చుకున్నది అక్కడే. రాజధాని, హైకోర్టు, నీళ్ల గురించి మాట వచ్చిన ప్రతిసారీ ఇవాళ్టికీ వినిపించే శ్రీబాగ్ ఒడంబడిక అదే. ఆ తర్వాత అయిదు నెలలకే, 1938 ఏప్రిల్‌లో పంతులుగారు కన్నుమూశారు.

అంతకు రెండేళ్ల ముందు, 1936లోనే అమృతాంజనం లిమిటెడ్ కంపెనీ అయింది. మన దృష్టిలో అసలు మలుపు ఇదే. వాటాదారులు వచ్చాక లాభం అంటే ఒక మనిషి ఇష్టప్రకారం ఖర్చుపెట్టే సొమ్ము కాదు. దానికి లెక్కుంటుంది, అడిగేవాళ్లుంటారు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పత్రిక పగ్గాలు పట్టి 1972లో చనిపోయేదాకా నడిపారు. ఆ తర్వాత కొత్త పత్రికలు, కొత్త అచ్చు యంత్రాలు, ఊరూరా ఎడిషన్లు. ఆ పోటీలో పాత పత్రిక వెనకబడింది. 1991లో ఆంధ్రపత్రిక, భారతి రెండూ ఆగిపోయాయి.

మందు మాత్రం ఆగలేదు. 2007లో కంపెనీ పేరు అమృతాంజన్ హెల్త్‌కేర్‌గా మారింది. బామ్‌తోపాటు రోల్ ఆన్, పండ్ల పానీయాలు, శానిటరీ నాప్‌కిన్లు కూడా అమ్ముతోంది. నడిపిస్తున్నది ఆ కుటుంబమే, అదే పేరున్న తర్వాతి తరం శంభుప్రసాద్. ఆఫీసు ఇప్పటికీ మైలాపూర్ లజ్ చర్చి రోడ్డులోనే. ఆ దగ్గర్లోనే నాగేశ్వరరావు పార్కు ఉంది. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లలో ఆ పేరెవరిదో తెలిసినవాళ్లు ఎందరుంటారో! ఆంధ్రపత్రిక, భారతి పాత సంచికల్ని ప్రెస్ అకాడమీ కంప్యూటర్లోకి ఎక్కించింది. తిరగేసి చూడండి... పద్యాలు, వార్తలు, వాదాల మధ్య అమృతాంజనం ప్రకటన ఎక్కడో ఓచోట తగులుతుంది.